మెట్నర్ సొనాటాలు: అరగంట కష్టానికి చప్పట్లు పడవు

అందరికీ నమస్తే. ఇవాళ మన ముందున్నది పియానిస్ట్ మార్క్-ఆండ్రే హామెలిన్ వాయించిన మెట్నర్ పియానో సొనాటాల (పియానో ఒక్కదానికే రాసిన రచనల) సెట్. హైపీరియన్ రికార్డు కంపెనీ వాళ్లు 1998లో తెచ్చారు. నాలుగు సీడీలు, 14 సొనాటాలు.

మెట్నర్ ఎవరంటారా? రష్యన్ స్వరకర్త. 1880లో మాస్కోలో పుట్టి 1951లో లండన్‌లో కన్నుమూశారు. మరో స్వరకర్త రఖ్మానినోవ్‌కి ఆప్తమిత్రుడు, ఆయన తన నాలుగో పియానో కాన్సర్టోని (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచనని) ఈయనకే అంకితమిచ్చారు. కచేరీల్లో మాత్రం ఆయన ఎప్పుడూ ఉంటారు, ఈయన ఎప్పుడో గానీ తగలరు.

ఎందుకో తెలియాలంటే ‘నైట్ విండ్’ సొనాటా పెట్టండి. ఓపస్ 25లో (ఓపస్ అంటే స్వరకర్త రచనల వరస నంబరు) రెండోది. రాత్రి గాలీ, ఏమిటా ఊళ అని అడిగే రష్యన్ కవి త్యూచెవ్ కవిత స్వరలిపి పైన రాసి ఉంటుంది. అసలు భాగం 15/8 తాళంలో నడుస్తుంది, అంటే మూడేసి చొప్పున ఐదు దెబ్బలు. మృదంగం వాళ్లకి చెబితే ‘ఖండజాతి ఏకతాళం, తిశ్ర నడక, అంతేగా’ అంటారు. లెక్క అంతే. కానీ ఇక్కడ పక్కన తాళం వేసేవాళ్లు లేరు. పైన పాట, కింద ఆగకుండా పారే స్వరాలు, ఆ మధ్యలో ఇంకో పాట, అన్నిటికీ ఆ పది వేళ్లే. అలా అరగంట దాటాక, చివర్లో శబ్దం సన్నబడి జారిపోతుంది. అయిపోయిందా లేదా అని హాల్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి! ఇదే కష్టం రఖ్మానినోవ్ మీద పెడితే లేచి నిలబడి చప్పట్లు కొడతారు. నేను పియానిస్టునైతే నేనూ అటే పోయేవాణ్ణి.

హామెలిన్ చేతిలో ఎంత రద్దీలోనూ ఏ లైనూ మాసిపోదు. నా ఫిర్యాదల్లా ఒకటే: అంత గాలివానలోనూ ఆయన చొక్కా నలగదు. కాస్త నలిగితే బాగుండేది.

మెట్నర్ స్వయంగా ఎలా వాయించారో వినాలా? అది మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడెయార్ పుణ్యం. 1940ల చివర్లో ఆయన డబ్బు పెట్టబట్టే హెచ్‌ఎంవీ రికార్డులు వచ్చాయి. మెట్నర్ మూడో కాన్సర్టో అంకితం ఆయనకే. వాసుదేవాచార్యులు తెలుగు కృతులు రాసిన ఆస్థానమే, ఇంకెక్కడిదో కాదు.

సెట్ కొనొచ్చు. కానీ ‘నైట్ విండ్’తో మొదలెట్టకండి, ఓపస్ 38లోని ‘సొనాటా రెమినిసెన్సా’తో మొదలెట్టండి. చిన్నది, మొదటిసారే మనసుకి ఎక్కుతుంది. ఆ ఒక్కదానికి మాత్రం నా ఓటు పియానిస్ట్ గిలెల్స్ రికార్డింగ్‌కే. ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఎడమచెయ్యి సగం వినబడదు.