కొండను కనిపెట్టుకుని బతికే లోయ

శ్రోతలకు నమస్కారం.

స్విట్జర్లాండ్ వాలే రాష్ట్రంలో, రోన్ నదికి ఉత్తరాన, ఆల్ప్స్ పర్వతాల మధ్య లోచెన్‌టాల్ అనే లోయ ఉంది. దాని పొడవునా లోంజా ఏరు పారుతుంది. ఫెర్డెన్, కిప్పెల్, వీలర్, బ్లాటెన్ అక్కడి ముఖ్యమైన ఊళ్లు. పైన 3,934 మీటర్ల బీచ్‌హార్న్ శిఖరం. 1913లో రైలు సొరంగం వచ్చేదాకా ఈ లోయకు బయటి రాకపోకలు చాలా కష్టం. చలికాలంలో మంచుచరియలు దారి మూసేసేవి.

అందుకే అన్నీ అక్కడే పండించుకున్నారు, అక్కడే దాచుకున్నారు. రై ధాన్యంతో రొట్టె, ఆవుపాలతో జున్ను. వేసవిలో పశువులు పై మేత భూములకు వెళ్తే, కింద మనుషులు చలికాలానికి గడ్డి కోసి ఎండబెట్టేవారు. ధాన్యపు కొట్లను కొయ్య కాళ్ల మీద నిలబెట్టి, మధ్యలో పెద్ద పలకరాళ్లు పెట్టారు. ఎలుకలు వాటిని దాటి ఎక్కలేవు. ఎంత చక్కటి ఆలోచన! ఫిబ్రవరిలో చెక్కతో చెక్కిన భయంకరమైన ముసుగులు, గొర్రె, మేక తోళ్లు, నడుముకు గంటలు కట్టుకుని వీధుల్లో తిరిగే వేషగాళ్లను చెగ్గెట్టా అంటారు. ఆ వేడుక ఇప్పటికీ ఉంది.

ఇక బ్లాటెన్ గురించి చెప్పాలి. 2025 మే నెలలో ఊరి పైనున్న క్లైనెస్ నెస్ట్‌హార్న్ కొండ నుంచి బండరాళ్లు విరిగి బిర్ష్ హిమానీనదం మీద పడసాగాయి. ఆ బరువుకి మంచు కిందికి జరగడం మొదలైంది. నిపుణులు ఆ కదలికను రోజూ కొలుస్తూనే ఉన్నారు. మే 19న సుమారు 300 మందిని ఊరు ఖాళీ చేయించారు, పశువులను కూడా తరలించారు. ఇల్లు వాకిలి కళ్లెదుట చెక్కుచెదరకుండా ఉండగానే వదిలి రావడం ఎంత కష్టమో ఊహించండి. అయినా వచ్చేశారు.

మే 28 మధ్యాహ్నం హిమానీనదం రాళ్లతో సహా కూలింది. ఊళ్లో దాదాపు 90 శాతం మట్టి, మంచు, రాళ్ల కింద పడిపోయింది. లోంజాకు అడ్డుకట్ట పడి, మిగిలిన ఇళ్లను నీళ్లు ముంచేశాయి. ఒక వ్యక్తి ప్రాణం కోల్పోయాడు. ముందే ఖాళీ చేయించకపోతే ఆ లెక్క వందల్లో ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను. కొండల్లో మంచు కరిగే కొద్దీ, రాళ్లను పట్టి ఉంచే గడ్డకట్టిన నేల బలహీనపడుతోంది. అందుకే కొలిచే పరికరాలకూ, చెబితే వినే మనుషులకూ ఇంత విలువ.

కొండవాలు మీది వైసెన్‌రీడ్ పల్లె మిగిలింది. బ్లాటెన్ వాళ్లు మాత్రం అదే లోయలో మళ్లీ ఊరు కట్టుకోవాలనే ఉన్నారు.