డ్రాప్‌డౌన్ ఉందిగా, ఇంకేం వస్తుంది అనుకునేవాళ్ల కోసం

[స్క్రీన్ మీద: ఆర్డర్ ఫారం. "ఎన్ని కావాలి?" పక్కన 1 నుంచి 5 దాకా డ్రాప్‌డౌన్]

ఇందులో ఉన్నవి అయిదే అంకెలు. మరి సర్వర్‌కి మైనస్ 3 ఎలా వచ్చింది? "రాదండీ, డ్రాప్‌డౌన్ పెట్టాం కదా!" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

డ్రాప్‌డౌన్ ఉండేది బ్రౌజర్‌లో. అలాంటిదొకటి ఉందన్న సంగతే సర్వర్‌కి తెలీదు. దానికి అందేది ఒక పేరు, పక్కన ఒక విలువ. అంతే. అది బ్రౌజరే పంపాలన్న రూలేం లేదు.

[స్క్రీన్ మీద: డెవలపర్ టూల్స్]

రైట్ క్లిక్, ఇన్‌స్పెక్ట్. ఆప్షన్ విలువ 3 మీద డబుల్ క్లిక్ చేసి మైనస్ 3 కొట్టండి. ఫారంలో అదే ఎంచుకుని సబ్మిట్. వెళ్లిపోయింది. కమాండ్ లైన్ నుంచే రిక్వెస్ట్ పంపే కర్ల్ వాడితే పేజీ తెరిచే పని కూడా లేదు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో పెట్టే రిక్వైర్డ్, మ్యాక్స్‌లెంగ్త్, మీరు రాసిన జావాస్క్రిప్ట్, అన్నీ ఫారం నింపేవాళ్ల సౌకర్యానికే. తీసేయమనను. వాటిని కాపలా అనుకోవద్దంటాను.

ఇక సర్వర్ వైపు. సర్వర్‌లో నడిచే భాష పీహెచ్‌పీలో చూపిస్తాను.

మన "ఎన్ని కావాలి"కి ఏమేం రావచ్చు? అసలు ఫీల్డే రాకపోవచ్చు. టిక్ పెట్టని చెక్‌బాక్స్ మామూలుగానే ఇంతే, ఖాళీగా కూడా రాదు. లేదా ఖాళీ స్ట్రింగ్ రావచ్చు. లేదా "3కేజీ" అని రావచ్చు. ఇక్కడ చాలామంది ఇంట్‌గా కాస్ట్ చేసి, అంటే బలవంతంగా పూర్ణాంకంగా మార్చి, చేతులు దులుపుకుంటారు. పీహెచ్‌పీ ఆ కేజీని చప్పుడు లేకుండా పారేసి 3 ఇస్తుంది. ఉత్త "కేజీ" పంపితే 0 ఇస్తుంది. తప్పు పట్టుకోవాల్సిన చోట తప్పుని దాచిపెట్టాం! పోనీ, వచ్చింది సంఖ్యేనా అని చూసే ఇస్‌న్యూమరిక్? మైనస్ 3కి సరే అంటుంది, 3.7కీ సరే, "1ఈ3" అని రోమన్ అక్షరంతో పంపినా సరే. అంటే వెయ్యి.

నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. ఫీల్డ్ పేరు చివర చదరపు బ్రాకెట్లు తగిలించి పంపితే స్ట్రింగ్ బదులు అర్రే, అంటే విలువల జాబితా, వస్తుంది. దాని మీద, అటూ ఇటూ ఖాళీల్ని కత్తిరించే ట్రిమ్ పిలిచారా, పీహెచ్‌పీ 8లో టైప్ ఎర్రర్. పట్టుకోకపోతే పేజీ పడిపోతుంది.

[స్క్రీన్ మీద: ఫిల్టర్ ఇన్‌పుట్ కోడ్]

వచ్చిన విలువని తీసి పరీక్షించే ఫిల్టర్ ఇన్‌పుట్‌కి వాలిడేట్ ఇంట్ ఇచ్చి, మిన్ రేంజ్ 1, మ్యాక్స్ రేంజ్ 5 పెట్టండి. ఫీల్డ్ రాకపోతే నల్, అంటే ఏమీ లేదని. మైనస్ 3, "3కేజీ", 3.7, అర్రే, ఏది వచ్చినా ఫాల్స్. బాగుంటే అసలైన ఇంటిజర్. ఫలితాన్ని మూడు ఈక్వల్స్‌తోనే పోల్చండి. 0 కూడా చెల్లే ఫీల్డయితే, ఉత్త ఇఫ్‌లో 0కీ ఫాల్స్‌కీ తేడా ఉండదు. ఎంప్టీ కూడా "0"ని ఖాళీ అనేస్తుంది.

ఇదే ఫారంలో ధరని పేజీలో కనపడని హిడెన్ ఫీల్డ్‌లో పెట్టేవాళ్లున్నారు. దానికి వాలిడేషన్ ఎలా రాయాలని అడక్కండి, పీకేయండి. వస్తువు ఐడీ వస్తే చాలు, ధర డేటాబేస్‌లోంచి తీయాలి.

పేరు ఫీల్డ్‌కొద్దాం. "తెలుగు" అన్న మాట పొడవెంత? కంటికి మూడక్షరాలు. యూటీఎఫ్-8లో స్ట్ర్‌లెన్ 18 అంటుంది, అది లెక్కపెట్టేది బైట్లని. ఎంబీ స్ట్ర్‌లెన్ 6 అంటుంది, గుణింతం గుర్తుల్ని విడిగా లెక్కేస్తుంది కాబట్టి. 50 పరిమితి పెట్టి స్ట్ర్‌లెన్‌తో కొలిస్తే, ఎంబీ స్ట్ర్‌లెన్ 17 అనే తెలుగు పేరు కూడా 51 బైట్లై తిరిగొస్తుంది. రెజెక్స్‌లో, అంటే అక్షరాల నమూనా సరిచూసే రూల్‌లో, యూనికోడ్ అక్షరాల వర్గం ఒక్కటే ఒప్పుకుంటే గుణింతాలు ఆగిపోతాయి, అవి మార్కుల వర్గం. నన్నడిగితే పేరుకి రెజెక్సే వద్దు. పొడవు చూసి వదిలేయండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. తప్పులన్నీ ఒకేసారి పోగుచేసి, వాళ్లు టైప్ చేసింది పోకుండా అదే ఫారం మళ్లీ చూపించండి, స్టేటస్ 422, అంటే వచ్చిన డేటా చెల్లదని. డేటాబేస్‌కి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్, అంటే క్వెరీని, విలువల్ని విడివిడిగా పంపడం. < లాంటి గుర్తుల్ని కోడ్‌గా కాక మామూలు అక్షరాలుగా చూపించే హెచ్‌టీఎమ్‌ఎల్ స్పెషల్ చార్స్ పేజీలో చూపించేటప్పుడే వాడాలి, దాచేటప్పుడు కాదు. ఫారం మన సైట్ నుంచే వచ్చిందని తేల్చే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌ని ర్యాండమ్ బైట్స్ 32తో చేసి, హ్యాష్ ఈక్వల్స్‌తో పోల్చండి. అంతా సేవ్ అయ్యాక 303 స్టేటస్‌తో వేరే పేజీకి పంపండి, లేకపోతే రీఫ్రెష్ కొట్టినప్పుడు ఆర్డర్ రెండోసారి పడే వీలుంది. అలా పంపే హెడర్ లైన్ కింద ఎగ్జిట్ మరవద్దు, కింది కోడ్ నడుస్తూనే ఉంటుంది.

ఫారంలో ఫైల్ కూడా ఉంటే ఇంకొకటి. మొత్తం సైజు పీహెచ్‌పీ సెట్టింగ్ పోస్ట్ మ్యాక్స్ సైజ్ దాటితే, డిఫాల్ట్‌గా అది 8 మెగాబైట్లు, ఫారం డేటా ఉండే పోస్ట్ అర్రే పూర్తిగా ఖాళీగా వస్తుంది. అప్పుడు మీ కోడ్ "పేరు రాయలేదు" అంటుంది, రాసినవాళ్లు తలపట్టుకుంటారు. పోస్ట్ ఖాళీగా ఉండి రిక్వెస్ట్ సైజు చెప్పే కంటెంట్ లెంగ్త్ ఆ పరిమితి దాటితే, ఫైల్ పెద్దదైందని చెప్పండి.