కర్నూలు నుంచి లేహ్ దాకా, గుంపుగా బండ్ల మీద

శ్రోతలందరికీ నమస్కారం.

కర్నూలు పక్కగా పోయే పెద్ద రోడ్డును మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఏడో నంబరు హైవే అనే అంటారు. నంబరు మారింది, ఇప్పుడది 44. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్లకు పైగా సాగే రోడ్డు. దేశంలో ఇంతకంటే పొడవైన జాతీయ రహదారి లేదు. డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ వాళ్లకు కూడా ఇదే దారి. తుంగభద్ర వంతెన దాటి, ఉత్తరం ముఖంగా ఇదే రోడ్డు పట్టుకుని పోతే కశ్మీరు లోయలో తేలతాం. అందుకేనేమో, మన దగ్గర కుర్రవాళ్లు నలుగురు చేరి బండ్ల మాట ఎత్తారంటే అది చివరికి లద్దాఖ్ దాకా పోతుంది.

మా స్నేహితుల గుంపు ఆ దారిన పోయివచ్చింది. వచ్చాక అందరూ అడిగేది ఏ బండి మీద పోయారు, ఎన్ని సీసీలు, ఎంత ఖర్చయింది అనే. అవి అడగాల్సినవే. కానీ నేను ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. కొండదారిలో గుంపుగా పోయేటప్పుడు వేగం చివరి బండిని బట్టి ఉండాలి. ఆ అలవాటు కోసం హిమాలయాల దాకా పోనక్కర్లేదు, మన నల్లమలలోనే చేసుకోవచ్చు.

ఎందుకో చెప్తాను. పది బండ్లు వరసగా పోతున్నాయనుకోండి. ముందు బండి అరవైలో పోతూ మలుపు దగ్గర ముప్ఫైకి తగ్గింది. మలుపు తిరగ్గానే మళ్లీ అరవై అందుకుంది. అప్పటికి రెండో బండి ఇంకా మలుపులోనే ఉంది, పదో బండి మలుపు దగ్గరికే రాలేదు. ముందువాడు అరవైలో దూరమవుతుంటే వెనకవాడు ముప్ఫైలో మలుపు తిరుగుతుంటాడు. ఆ ఎడం పూడ్చుకోవాలంటే వాడు ఎనభై కొట్టాలి. ఇది మలుపు మలుపుకీ జరుగుతుంది. ముందు పోయేవాడు తాను నిదానంగానే పోయానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. చివరివాడికి మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరుగే. పైగా గుంపులో కొత్తవాడు ఎక్కడుంటాడు? మొహమాటపడి చివర్లోనే ఉంటాడు. అంటే అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాడు అందరికంటే ఎక్కువ వేగంతో ఘాట్ మలుపులు తిరుగుతున్నాడన్నమాట.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. కొత్తవాణ్ని రెండో బండిగా పెట్టాలి, ముందు బండికి సరిగ్గా వెనక. గుంపులో చెయ్యి తిరిగినవాడు, పానాలూ పంచర్ కిట్టూ దగ్గర పెట్టుకున్నవాడు అందరికంటే చివర రావాలి. మన పల్లెల్లో గొర్రెల కాపరిని చూడండి, మంద వెనకాలే నడుస్తాడు, కుంటుతున్న గొర్రె ఆయన కళ్లముందే ఉంటుంది. ఇంకొక కట్టుబాటు. ప్రతి ఒక్కరూ అద్దంలో తన వెనక బండి లైటు చూసుకుంటూ పోవాలి. లైటు కనబడలేదా, వేగం తగ్గించాలి. అతను తగ్గిస్తే అతని ముందువాడికి లైటు కనబడదు, వాడూ తగ్గిస్తాడు. ఫోన్ అక్కర్లేకుండా కబురు మొదటి బండి దాకా పోతుంది. రోడ్డు చీలే చోట వెనకవాడు తనను చూసేదాకా ఆగి, అప్పుడే తిరగాలి. పెద్ద హైవే మీద ఒకరు కుడివారగా, ఒకరు ఎడమవారగా ఎడం ఇచ్చి పోవచ్చు. ఘాట్‌లో మాత్రం ఒకరి వెనక ఒకరే. గుంపులోవాళ్లే ఒకర్నొకరు ఓవర్‌టేక్ చేసుకోవడం ఉండకూడదు. బండ్లు ఎక్కువైతే నాలుగైదు చొప్పున విడగొట్టుకోవాలి.

ఇప్పుడు మన ఘాట్ల సంగతి. నంద్యాల నుంచి గిద్దలూరు దారి తీసుకోండి. గాజులపల్లె దాటాక నల్లమల ఎక్కుతాం, దిగువమెట్ట వైపు దిగుతాం. లోడు లారీలు ఎదురొచ్చే దారి. ఆ దారిలో టీ బంకు దగ్గర ఒక పెద్దాయన, చాలా ఏళ్లు లారీ తోలినాయన, మా పిల్లలతో ఒక మాటన్నాడు. "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగల్ల నాయనా." ఆ ఒక్క మాటలో చాలా ఉంది. దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా తొక్కి పట్టుకుంటే బ్రేకు షూలు కాలిపోయి పట్టు వదిలేస్తాయి. డిస్కు బ్రేకయితే ఆయిలు మరిగి, లీవరు నొక్కినా దిగబడిపోతుంది, బండి ఆగదు. చిన్న గేర్లో దిగితే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపు దగ్గర వాడుకోవడానికి మిగులుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి ఘాట్ దిగేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మానుకోండి.

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. ఆ ఊరి పాలకోవాకు ఎంత పేరో, ఆ ఘాట్‌లో జరిగే ప్రమాదాలకూ అంత పేరు. అక్కడ మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా చాలదు, బ్రేకు పట్టని లారీ పైనుంచి రావచ్చు. అందుకే మలుపులో ఎప్పుడూ మన ఎడమ వారే పట్టుకుని ఉండాలి, మధ్య గీత జోలికి పోకూడదు. రోడ్డు ఇరుకైన చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, రోడ్డు నిబంధనల్లో రాసి ఉన్నదే. ఎక్కుతూ ఆగిపోయిన లోడు లారీని మళ్లీ కదిలించడం ఎంత కష్టమో డ్రైవరుకే తెలుసు.

ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే అడవి దారి మరో రకం పాఠం చెబుతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మధ్యగా పోతుందది. విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటికంటే పెద్దది. రాత్రి తొమ్మిదికి గేట్లు మూసేస్తారు, తెల్లవారి ఆరుకు తీస్తారు. ముందు బండ్లు తొమ్మిదికి పది నిమిషాల ముందు గేటు దాటి, వెనక రెండు బండ్లు పంచరై ఇవతలే మిగిలిపోతే గుంపు రెండు ముక్కలైనట్టే. అడవిలో ఫోన్ సిగ్నలు ఉండదు. ముందువాళ్లు వెనక్కి రాలేరు, వెనకవాళ్లు ముందుకు పోలేరు. అందుకని మేము గేటు టైము లెక్క ఎప్పుడూ చివరి బండికే కడతాం.

ఆ అడవి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కాలినడకన శ్రీశైలం చేరే భక్తులున్నారు, కర్ణాటక నుంచి కూడా నడిచి వస్తారు. చెంచుల గూడేలున్నాయి. ఆ దారిన సైలెన్సరు మార్చిన బండ్లేసుకుని ఊళదీస్తూ పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. కోతులకు బిస్కెట్లు వేయడం ఇంకొకటి. వేసిన పుణ్యానికి అవి రోడ్డు మీదే కాపురం పెట్టి బండ్ల కింద పడుతున్నాయి. లద్దాఖ్‌లో మనం అతిథులం, నల్లమలలో కూడా అతిథులమే.

సరే, దారి సంగతికి వద్దాం. కర్నూలు నుంచి శ్రీనగర్ రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. నాగపూర్ దాకా ఎండ చంపుతుంది కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరి మధ్యాహ్నానికి ఆపేయడం మేలు. నాగపూర్ దాటాక పెంచ్ అడవి దగ్గర రోడ్డును పైకి లేపి, జంతువులు కింద నుంచి దాటిపోయేలా కట్టారు. చూసి తీరాల్సిన పని అది. ఆ తర్వాత ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా, ఢిల్లీ. మైదానంలో పెద్దగా చెప్పుకోవలసింది లేదు. సెలవులు తక్కువున్నవాళ్లు బండిని రైల్లో పార్సిల్ వేసి ఢిల్లీలో దించుకుంటారు. పెట్రోలు పూర్తిగా ఖాళీ చేసి, ఆర్సీ జిరాక్సు ఇచ్చి బుక్ చేయాలి. అదీ మంచి దారే, అందులో చిన్నతనమేమీ లేదు.

లద్దాఖ్‌లోని పెద్ద ఊరు లేహ్ చేరడానికి ఎక్కువమంది పట్టే దారులు రెండు. ఒకటి శ్రీనగర్, ద్రాస్, కార్గిల్ మీదుగా. రెండోది మనాలి, సర్చు మీదుగా. మనాలి వైపు 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది. చాలామంది మనాలి వైపే ఎక్కుతారు. నేనైతే శ్రీనగర్ వైపు ఎక్కి మనాలి వైపు దిగమంటాను. దీనికి కారణం ఎత్తు. మన ఘాట్లు నేర్పలేనిది ఇదొక్కటే.

కర్నూలు సముద్రమట్టానికి 300 మీటర్ల లోపే. లేహ్ 3,500 మీటర్లు. మనాలి–లేహ్ దారిలో తంగ్‌లాంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైచిలుకు. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. గాలిలో ఆక్సిజన్ వంతు మారదు, కానీ ఒక్కో శ్వాసకు ఒంటికి అందేది తగ్గిపోతుంది. ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, అయితే రోజులు పడుతుంది. మనాలి వైపు ఎక్కితే ఒకటి రెండు రోజుల్లోనే దాదాపు 4,300 మీటర్ల ఎత్తున సర్చులో పడుకోవాల్సి వస్తుంది. చాలామందికి తలనొప్పి, వాంతులు మొదలయ్యేది అక్కడే. శ్రీనగర్ వైపు జోజిలా కనుమ 3,500 మీటర్లు ఎక్కినా రాత్రికి ద్రాస్‌కో, ఇంకా కిందనున్న కార్గిల్‌కో దిగిపోతాం. ఎక్కడ తిరిగామన్నదాని కంటే ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. లేహ్ చేరాక రెండు రోజులు ఏ కనుమా ఎక్కకుండా ఊళ్లోనే ఉండాలి.

జిమ్ముకు పోతాను, నాకేం కాదు అనే తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. గట్టిగా ఉన్నవాళ్లే తొందరగా ఎక్కేసి ఎక్కువ ఇబ్బంది పడతారు. తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కనబడితే ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తోందన్నా, నడక తూలుతోందన్నా, మాట తడబడుతోందన్నా అర్ధరాత్రి అయినా సరే కిందికి దించాల్సిందే, తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. మందులు మాత్రం ఊరు కదలకముందే డాక్టరుకు చూపించుకుని, ఆయన రాసిస్తేనే వాడాలి. మద్యం తాగడం, నిద్రమాత్రలు వేసుకోవడం అక్కడ ప్రాణం మీదికి తెస్తాయి.

ఇక్కడ కూడా లెక్క చివరి బండిదే. తలనొప్పి వచ్చినవాడు మొహమాటంతో చెప్పడు, తన వల్ల పదిమంది ప్రోగ్రాం చెడిపోతుందని. అందుకే బయల్దేరకముందే ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకోవాలి. ఒకరు దిగాల్సి వస్తే తోడుగా ఇంకొకరు దిగుతారు, ఎవరూ ఒక్క మాటా అనరు అని. మా గుంపులో తోడు దిగేవాళ్ల పేర్లు ముందే రాసుకున్నాం.

బండికి కూడా పల్చటి గాలితో తంటానే. కార్బురేటర్ బండ్లలో గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, ఎక్కుడులో ఈడ్చుకుంటూ పోతుంది. ఇంజెక్షన్ బండ్లు పెట్రోలు సర్దుకుంటాయి కానీ వాటికీ బలం తగ్గుతుంది. మనాలి దారిలో కీలాంగ్ దగ్గర టండి పెట్రోలు బంకులో ఏళ్ల తరబడి ఒక బోర్డు ఉండేది, తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని. ఇలాంటి చోట లెక్క అందరికంటే చిన్న ట్యాంకు ఉన్న బండిని బట్టి వేసుకోవాలి. క్లచ్ వైరు, ఆక్సిలరేటర్ వైరు, ట్యూబు, ప్లగ్గు వెంట ఉంచుకోండి. అన్నిటికంటే ముందు కర్నూల్లోనే మీ మెకానిక్ దగ్గర రెండు ఆదివారాలు కూర్చుని చక్రం విప్పడం, వైరు మార్చడం మీ చేతులతో మీరే చేయండి.

దారికి అడ్డంగా పారే మంచునీళ్ల వాగులు పొద్దున తక్కువగా ఉంటాయి. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి పొంగుతాయి. ఆ దారిలో తెల్లవారకముందే లేచి పోయేది అందుకే. ఉగ్గాని బజ్జీ దొరకదు, మ్యాగీయే దొరుకుతుంది. ఒక డబ్బాలో బుడ్డల పొడి, కాస్త ఊరగాయ పెట్టుకున్నవాణ్ని గుంపంతా దేవుడిలా చూస్తుంది.

ఇక ఇంటి దగ్గరుండే అమ్మానాన్నలు వింటుంటే ఒక మాట. మన రాష్ట్రంలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీరులో, లద్దాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఉంటేనే మోగుతుంది, అదీ అన్ని చోట్లా కాదు. ద్రాస్ దగ్గర, సర్చు దగ్గర ఒక పూటంతా ఫోన్ కలవకపోతే టెన్షన్ పడకండి. గుంపులో కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉందో లేదో బయల్దేరకముందే అడగండి, ఆ ఇద్దరి నంబర్లూ, ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటారన్న కాగితమూ రాయించి పెట్టుకోండి. మీ అబ్బాయి బండి వరసలో ఎన్నోదో, వాడి వెనక వచ్చేది ఎవరో, అది కూడా అడగండి.

నమస్కారం.