మడిచి బీరువా వెనక పెట్టుకునే గుడ్డ పెట్టె: పాత జీన్స్‌తో కుడదాం

నమస్కారం అండి, అందరికీ నమస్కారం. మాటల కంటే ముందు ఇది చూడండి. ఇదిగో, పెట్టె. నిలబడి ఉంది, గట్టిగా ఉంది, తట్టినా వంగడం లేదు. ఇప్పుడు అడుగున ఉన్న ఈ పలకను పైకి తీశాను. రెండు పక్కలనూ ఇలా అరచేత్తో లోపలికి నొక్కాను. అంతే, చదునైపోయింది. మందం మహా అయితే అంగుళంన్నర ఉంటుంది. మళ్లీ ఇలా లాగితే పెట్టె. నొక్కితే పలక, లాగితే పెట్టె. ఈ రోజు దీన్నే కుడదాం.

ముందు కొలత. మీ అలమారు గూటిని కొలుచుకోండి, నా కొలత మీకు అక్కర్లేదు. మాది అనంతపురంలో పాత ఇల్లు. గూళ్లలో అరలన్నీ కడప బండలే. నల్లగా, చల్లగా బాగుంటాయి కానీ, ముందువైపు అంచు చూడండి, నునుపు చేయలేదు. పెట్టెను రోజూ లాగుతూ తోస్తూ ఉంటే పలచటి బట్ట అడుగు ఆరు నెలల్లో పోగులు లేచిపోతుంది. అందుకే నేను జీన్స్ బట్ట వాడుతున్నాను. మా బంధువులు రాయదుర్గంలో ఉన్నారు, అక్కడ జీన్స్ కుట్టే పని ఎక్కువ కదా, వచ్చినప్పుడల్లా ఒక సంచి నిండా కత్తిరింపు ముక్కలు తెస్తారు. మీకు అవి దొరక్కపోతే ఇంట్లో చిరిగిన ప్యాంట్లు రెండు మూడు చాలు.

ఒక్క మాట. జీన్స్ కొత్తదైనా పాతదైనా ఉతికి ఆరేసిన తర్వాతే కత్తిరించండి. నేను మొదటిసారి ఉతక్కుండా తెల్లటి అస్తరు వేశాను. నెల తిరిగేసరికి అస్తరు నీలం, అందులో పెట్టిన దుప్పటీ నీలం. సరే.

కత్తిరించేవి తెర మీద రాశాను, అయినా చెబుతాను. బయటి బట్ట పొడవు 45.5 అంగుళాలు, ఎత్తు 11. అస్తరూ అంతే, 45.5, 11. అడుగు భాగం 13.25కి 11, ఇది జీన్స్‌లో ఒకటి, అస్తరులో ఒకటి. జీన్స్ ఒకే ముక్కగా అంత పొడవు దొరకదు, అతుకులు వేసుకోండి. ఎక్కడ అతుకు పడినా పరవాలేదు, మడత పడే చోట మాత్రం పడకూడదు. మడతలు ఎక్కడ పడతాయో ఇప్పుడే వస్తుంది.

ఇక లోపల పెట్టే అట్ట. నాకు ఇష్టమైనది సన్‌బోర్డు, అంటే ప్లాస్టిక్ అట్ట, 3 మిల్లీమీటర్లది. ఫ్లెక్సీ దుకాణంలో అడగండి, మిగిలిన ముక్కలు ఉంటాయి. నా ముక్క వెనక ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు ఉన్నాయి, సగం మీసం కూడా కనబడుతోంది, లోపలికి వెళ్లిపోతుందిలెండి. కట్టర్ కత్తితో రెండు గీతలు గీసి విరిస్తే తెగుతుంది. కత్తెర వద్దు, అంచు నలుగుతుంది. దీనికి చెద పట్టదు, తడి తగిలినా ఏమీ కాదు. ఎండ మాత్రం పనికిరాదు. ఒకసారి పెట్టెను ఉతికి మే నెలలో మిద్దె మీద ఆరబెట్టాను. సాయంత్రానికి అప్పడంలా వంకర తిరిగింది. అది ప్లాస్టిక్, వేడికి మెత్తబడుతుంది. నీడలో ఆరబెట్టండి, ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి.

సన్‌బోర్డు లేకపోతే మామూలు అట్టపెట్టె అట్ట వాడండి. అయితే ఒకటి చూసుకోవాలి. ఈ అంచు చూడండి, లోపల కాగితం అలలు అలలుగా ఉంది కదా, ఆ గీతలు పెట్టెలో నిలువుగా రావాలి. అడ్డంగా వస్తే పైనుంచి బరువు పడగానే గీత వెంబడి మడత పడిపోతుంది. నిలువుగా వస్తే స్తంభాల వరసలాగా మోస్తుంది.

ముక్కలు ఎన్నంటే, 11.75కి 9.25వి రెండు, ఇవి ముందు, వెనక. 4.5కి 9.25వి నాలుగు, ఇవి పక్కలకు, ఒక్కో పక్కకు రెండేసి. ఇంకా అడుగుకి ఒకటి, 11.5కి 9.25. మొత్తం ఏడు. పక్కలు రెండు సగాలుగా ఎందుకంటే, మధ్యలో మడత పడి లోపలికి వెళ్లాలి కాబట్టి. ఇంకొకటి, పెట్టె లోతు, అంటే ముందు నుంచి వెనక్కి కొలత, ఎప్పుడూ వెడల్పు కంటే తక్కువ ఉండాలి. ఇక్కడ వెడల్పు 12, లోతు 10. ఇటు పక్క అయిదు అంగుళాలు లోపలికి వస్తుంది, అటు పక్క అయిదు వస్తుంది, మధ్యలో రెండు అంగుళాల చోటు మిగులుతుంది. చతురస్రంగా చేస్తే రెండు మడతలూ మధ్యలో పొట్టేళ్లలా ఢీకొంటాయి.

మిషన్‌లో సూది 16 నంబరు వేశాను. జాకెట్లు కుట్టే సూదితో దీని జోలికి రాకండి, విరిగి కంటి దగ్గరికి ఎగురుతుంది. కుట్టు పొడవు కొంచెం పెంచండి.

ముందు పిడి. జీన్స్ నడుము పట్టీ ఉంటుంది చూడండి, దాన్నే ఎనిమిది అంగుళాలు కోసి పెట్టుకున్నాను. ముందు భాగం మధ్యలో, అంటే ఎడమ అంచున అతుకుకి అర అంగుళం వదిలాక వచ్చే మొదటి 12 అంగుళాల నడుమ, పైనుంచి మూడు అంగుళాలు కిందికి, ఇలా, చివర చతురస్రం, మధ్యలో గుణకారం గుర్తులాగా కుట్టు. రెండో చివరా అంతే. ఇది అస్తరు కలపక ముందే, బయటి బట్ట ఒక్కదానికే కుట్టేయాలి. తర్వాత గుర్తొచ్చి కుడితే అట్ట దూరే సంచీ మధ్యలో మూసుకుపోతుంది.

నడుము పట్టీ దగ్గర మందం ఎక్కువ, సూది దిగదు. దానికి నా చిట్కా, పొత్రంతో రెండు దెబ్బలు. కింద పాత గుడ్డ వేసి దంచితే ఆ ముద్ద చదునవుతుంది, సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. మా అత్తగారు నిద్రపోయినప్పుడు చేస్తాను, ఆ పొత్రం ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నాది కాలి మిషన్, నెమ్మదిగా తొక్కుతాను. మోటారు ఉన్నవాళ్లు ఇక్కడ మోటారు వదిలేసి చక్రాన్ని చేత్తో తిప్పండి.

ఇప్పుడు రెండు బట్టల పైఅంచులనూ అర అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. చేశారా. రెండింటినీ వెనకవైపులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పరవండి. నేను గుండుసూదులు వాడను, బట్టలు ఆరేసే క్లిప్పులు పెడతాను, జీన్స్‌లో సూదులు వంగిపోతాయి.

ఇక గీతలు. దీని దగ్గర నేను నెమ్మదిగా వెళతాను, ఎందుకంటే నా మొదటి పెట్టె ఇక్కడే పాడైంది.

ఇదిగో, ఇదే ఆ మొదటి పెట్టె, పారేయలేదు. పైకి బాగానే ఉంది కదా. మడుస్తాను చూడండి. మడిచాను, చెయ్యి తీశాను, మళ్లీ తెరుచుకుంది. నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. బలవంతంగా కట్టేసి పెడితే ఇదిగో, ఇక్కడ కుట్టు పిగిలింది. మూడు రోజులు కుట్టాను దీన్ని. బట్ట మందం అనుకున్నాను, అట్ట మందం అనుకున్నాను. దారం కూడా మార్చాను. తప్పు అక్కడ లేదు. ఒక అట్టకూ పక్క అట్టకూ మధ్య ఒకే ఒక కుట్టు వేశాను. ఖాళీ వదలలేదు.

ఇలా చేసి చూడండి. రెండు అట్ట ముక్కలు తీసుకోండి. ఆనించి పక్కపక్కన పెట్టి పైన టేపు అంటించండి. టేపు లోపలికి వచ్చేలా మడిస్తే మడుస్తుంది, పుస్తకంలాగా. ఇప్పుడు తిప్పి, టేపు బయటికి ఉండేలా మడవండి. మడవలేరు, టేపు చిరుగుతుంది. ఎందుకు? అటువైపు రెండు అట్టల మందాన్నీ టేపు చుట్టి రావాలి, అంత టేపు అక్కడ లేదు. ఇప్పుడు మధ్యలో సందు వదిలి అంటించండి. ఎటు మడిచినా పడుకుంటుంది. మన పెట్టెలో మూలలు ఒకవైపు మడుస్తాయి, పక్కల నడిమి మడత రెండోవైపు మడుస్తుంది, పైగా బట్ట రెండువైపులా ఉంది. అందుకని ఆరు చోట్లా సందు కావాలి.

ఎంత సందు? నా లెక్క, అట్ట మందానికి రెట్టింపు. 3 మిల్లీమీటర్ల అట్టకి 6 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. 5 మిల్లీమీటర్లది అయితే 10, పావు అంగుళం చాలదు, కొలతలన్నీ మళ్లీ వేసుకోవాలి. నా పాడైన పెట్టెలో ఉన్నది 5 మిల్లీమీటర్లదే, సందేమో సున్నా.

కాబట్టి ఎడమ నుంచి సుద్దతో గీతలు పెడుతున్నాను, నాతో పాటే పెట్టండి. మొదట అర అంగుళం, ఇది అతుకుకి. తర్వాత 12. పావు సందు. 4.75, అంటే అయిదుకు పావు తక్కువ. పావు సందు. మళ్లీ 4.75. పావు సందు. మళ్లీ 12. పావు. 4.75. పావు. 4.75. చివర ముప్పావు మిగలాలి. మిగిలిందా? మిగలకపోతే ఎక్కడో పావు మింగేశారు, ఇప్పుడే వెతకండి, కుట్టాక వెతికితే ఏడుపు వస్తుంది. ఆ ముప్పావులో అర అతుకుకి, పావు ఆరో సందు.

ప్రతి సందుకీ రెండు గీతలు, రెండు గీతల మీదా కుట్టు. సందుకీ సందుకీ మధ్య మిగిలేదే అట్ట దూరే సంచీ. అన్నీ కింది నుంచి పైకే కుట్టండి. ఒకటి పైకి, ఒకటి కిందికి కుడితే అస్తరు ఒకవైపుకి జరిగి ముడతలు పడుతుంది. చివరలో వెనక్కి రెండు కుట్లు వేసి గట్టి చేయండి. కుట్టాను, కుట్టాను, ఇదంతా వేగంగా చూపిస్తున్నాను.

చివరి గీతను కూడా కుట్టేసి, రెండు కొసలనూ జీన్స్ వైపులు ఎదురెదురుగా కలిపి, అర అంగుళంలో కుట్టు. గొట్టంలా అయింది. పోగులు ఊడకుండా లోపలి అంచుకి పట్టీ వేయండి, ఓవర్‌లాక్ మిషన్ ఉంటే ఇంకా హాయి.

అడుగు. రెండు ముక్కలనూ కలిపి పట్టుకుని, గొట్టాన్ని తలకిందులుగా పెట్టి, నాలుగు మూలల దగ్గర క్లిప్పులు. మూల ఎక్కడంటే 12కీ 4.75కీ మధ్య ఉన్న సందు నడుమ. అక్కడ గొట్టం అంచుకి అర అంగుళం లోపు చిన్న గాటు పెట్టండి, కుట్టు దాకా వెళ్లకండి. మూలకి రాగానే సూదిని బట్టలోనే దింపి, పాదం ఎత్తి, బట్ట తిప్పి, పాదం దించి, ముందుకి. నాలుగు మూలలూ అంతే. అంచుకి పట్టీ వేశాను, తిరగేశాను.

అట్టలు పైనుంచి దూర్చండి. పెద్దవి రెండు, చిన్నవి నాలుగు. సంచీ కంటే అట్ట పావు అంగుళం తక్కువ కోశాం కదా, అందుకే జారిపోతుంది. అది కూడా మందం తినేసే పావు.

పైఅంచు మూయడానికి జిప్పులు కుట్టే ఒంటి పాదం వేసి, పెద్ద కుట్టు, మిషన్‌లో ఉన్నంత పెద్దది. ఉతకాలంటే ఆ కుట్టు లాగేస్తే ఊడి వస్తుంది, అట్టలు తీసి ఉతికి మళ్లీ కుట్టుకోవచ్చు. కొందరు వెల్‌క్రో, అంటే నొక్కితే అంటుకునే పట్టీ, వేస్తారు. స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రాల్‌కి 1941లో తన కుక్క బొచ్చుకి పట్టిన ముళ్లకాయలు చూసి దాని ఆలోచన వచ్చింది. మన చేలగట్ల మీద ఉత్తరేణి గింజలు చీర అంచుకి పట్టుకుంటాయి కదా, అదే సంగతి. కానీ జీన్స్ పోగులన్నీ ఆ వెల్‌క్రోలో చేరి రెండు నెలలకే అంటుకోవడం మానేస్తుంది. నేను వేయను.

అడుగు పలకకి మిగిలిన బట్ట తొడిగి, బెల్టు దూరే చిన్న లూపు ఒకటి జీన్స్ నుంచి విప్పి ఈ అంచున కుట్టాను, వేలు పెట్టి లాగడానికి. లోపల వేశాను. పెట్టె బిగుసుకుంది చూడండి.

ఇప్పుడు మడుద్దాం. పలక తీశాను. పక్కలు నొక్కాను. అడుగు బట్ట దానంతట అదే గుడారంలా పైకి లేస్తుంది, దాన్ని లాగకండి, సర్దకండి. చెయ్యి తీశాను. తెరుచుకోలేదు. పాతది పక్కన పెడతాను. ఇది పడుకుంది, అది నోరు తెరిచింది.

బట్టలకీ దుప్పట్లకీ పిల్లల బొమ్మలకీ ఇది చాలు. బరువులకి కాదు. నా రెండో పెట్టెలో మా అత్తగారు వేరుశనగ కాయలు నింపి, పిడి పట్టుకుని గూట్లోంచి లాగారు. పిడి కుట్టు ఊడలేదు, కానీ అడుగు కుట్టు ఒక మూల విచ్చుకుంది, కాయలన్నీ బండ మీద. అందుకే ఇప్పుడు అడుగుకి రెండు వరసలు కుడుతున్నాను, మీరూ రెండు వేయండి.

ఈ కొత్తదాన్ని బీరువా వెనక దూర్చేస్తున్నాను, ఇదిగో, దూరింది. సాయంత్రం లోపు ఆవిడకి ఇంకొకటి కుట్టాలి, కాయలకేనట.