బడి సరస్సు మీదికి వెళ్ళే నెల

(మినియాపోలిస్‌లో ఆదివారం తెలుగు తరగతుల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనక నిలబడ్డవాళ్ళకి ఇంకో నమస్కారం.

నాకిచ్చిన విషయం "అమెరికాలో పిల్లలకు తెలుగు ఎలా నేర్పాలి" అని. అది నాకు తెలిసుంటే మా పెద్దవాడు నాతో ఇంగ్లీషులో పోట్లాడేవాడు కాదు. అందుకని నిర్వాహకుల్ని బతిమాలి విషయాన్ని కాస్త పక్కకి జరిపాను. ఇదే మిన్నెసోటాలో, ఇక్కడికి ఉత్తరంగా మూడు మూడున్నర గంటల దూరంలో, సొంత నేల మీదే సొంత భాష కోసం తంటాలు పడుతున్నవాళ్ళున్నారు. ఆకులు రంగు తిరిగే ఈ రోజుల్లో వాళ్ళ బడుల్లో ఏం జరుగుతుందో చెబుతాను. మనకి పనికొచ్చేది ఏమైనా ఉంటే మీరే ఏరుకోండి.

వాళ్ళు అనిషినాబేలు. బయటివాళ్ళు ఓజిబ్వే అన్నారు, ప్రభుత్వం వాళ్ళు కాగితాల్లో చిప్పెవా అని రాసుకున్నారు. మన రాష్ట్రంలో ఈ మూడు పేర్లూ ఒకళ్ళవే.

నెలల పేర్లతో మొదలుపెడతాను. తెలుగులో నెల అంటే చందమామా అదే, ముప్ఫై రోజులూ అదే. నెలవంక అంటాం, నెలజీతం అంటాం. వాళ్ళకీ అంతే, గీజిస్ అంటే నెల. ఇంకో అడుగు ముందుకేసి సూర్యుణ్ణి కూడా ఆ మాటతోనే పిలుస్తారు. ఆగస్టు చివర నుంచి నడిచేది మనూమినికే-గీజిస్, మనూమిన్ అనే నీటి గింజని సేకరించే నెల. తర్వాత ఆకులు రంగు తిరిగే వాతెబగా-గీజిస్. అక్టోబరులో ఆకులు రాలే బినాక్వీ-గీజిస్. నవంబరులో సరస్సులు గడ్డకట్టే గష్కదినో-గీజిస్. ఊరూరికీ కొంచెం తేడాలుంటాయి, మన పంచాంగాలకి లేవా! ఇక శరత్కాలానికి వాళ్ళ మాట దగ్వాగిన్. అది నామవాచకం కాదు, క్రియ. మబ్బేసింది, చలేసింది అంటామే, ఆ వరసలో శరత్తు కూడా 'వేస్తుంది' అనుకోండి.

వ్యాకరణం చెప్పే పంతుళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఇంకొక్కటి. మనకి మహత్తు, అమహత్తు ఉన్నట్టు వాళ్ళకి ప్రాణమున్నవీ లేనివీ అని విభజన. మితిగ్ అంటే చెట్టు. చెట్లు అనాలంటే మితిగూగ్, అది ప్రాణమున్న వరస. అదే మాటకి కర్ర అనే అర్థం తీసుకుంటే బహువచనం మితిగూన్, ప్రాణం లేని వరస. నరికిన క్షణంలో బహువచన ప్రత్యయం మారిపోతుంది. ఆరేళ్ళ పిల్లకి దీన్ని నల్లబల్ల మీద ఎలా చెబుతారు? అడవికి తీసుకెళ్ళడమే మేలు.

సరే, మనూమిన్. దుకాణాల్లో వైల్డ్ రైస్ అని అమ్ముతారు గానీ అది మన వరి కాదు, వరికి దూరపు చుట్టం. మంత్రపుష్పంలో 'నీవారశూకవత్' అని వింటూ ఉంటాం కదా, ఆ నీవారం మన తెలుగు నివ్వరి. ఎవరూ నాటకుండా మడుగుల్లో మొలిచే అడవి వడ్లు. మనూమిన్ అచ్చంగా ఆ మొక్క కాకపోయినా బతికే తీరు అలాంటిదే. అరడుగు నుంచి మూడడుగుల లోతు నీళ్ళలో, మెత్తటి బురదలో తనంత తాను మొలుస్తుంది. శూకం, అంటే గింజ కొసన ఉండే ముల్లు, దీనికీ ఉంది. చొక్కాలో దూరితే సాయంత్రం దాకా మనల్ని గుర్తుపెట్టుకుంటుంది. పైగా గింజల్లో చిన్న పురుగులుంటాయి, అవి కుడతాయి కూడా. తూర్పు సముద్రతీరం నుంచి పడమటికి సాగిన తమ పూర్వీకులకి "నీళ్ళ మీద తిండి పెరిగే చోట ఆగండి" అన్న ఆదేశం ఉండేదని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ వెతుకులాట ఆగిన చోటు ఈ సరస్సులు.

కోత కూడా మనం అనుకునే కోత కాదు, కొడవలి ముట్టరు. సన్నటి పడవలో ఇద్దరు. ఒకరు నిలబడి గెడతో పడవని నెడతారు. గోదావరి మీద గెడ వేసేవాళ్ళని చూసి పెరిగిన నాకు ఇది కొత్తగా అనిపించలేదు. రెండోవారు కూర్చుని రెండు చేతుల్లో రెండు తేలికపాటి కర్రలు పట్టుకుంటారు. ఒకదాంతో వెన్నుల్ని పడవ మీదికి వంచి, రెండోదాంతో దువ్వినట్టు తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, పండనిది వెన్నుకే ఉంటుంది. నాలుగు రోజులాగి మళ్ళీ అక్కడికే వస్తారు. గట్టిగా బాదితే మొక్క విరుగుతుంది, రెండోసారి వచ్చేసరికి అక్కడేమీ ఉండదు. నీళ్ళలో పడిన గింజ వచ్చే ఏటికి విత్తనం, దాని గురించి ఎవరూ బాధపడరు. ఈ మర్యాదలన్నీ చివరికి రాష్ట్ర చట్టంలోకీ ఎక్కాయి. పడవ 18 అడుగులకు మించకూడదు, కర్ర 30 అంగుళాలు దాటకూడదు, ఒక్కోటి పౌను బరువు లోపే ఉండాలి. ఏ సరస్సు ఎప్పుడు తెరవాలో చాలాచోట్ల పెద్దవాళ్ళు వెన్నులు చూసి చెబుతారు. దిగే ముందు చిటికెడు పొగాకు, అసేమా, నీళ్ళకి సమర్పిస్తారు.

ఆ రెండు మూడు వారాలూ బడి పుస్తకం మూసి లైఫ్ జాకెట్ తొడుక్కుంటుంది. ఒడ్డుకి తెచ్చిన పచ్చి గింజని టార్పాలిన్ పట్టాల మీద ఆరబోస్తారు. బడి ఆవరణ మన కల్లమే అనుకోండి. తర్వాత పెద్ద ఇనప బాణలిలో పోసి, కట్టెల పొయ్యి మీద తెడ్డుతో ఆపకుండా కలుపుతూ వేయిస్తారు. చెయ్యి ఆగితే మాడుతుంది. ఆ తర్వాత గుంటలో పోసి, శుభ్రమైన తోలు చెప్పులు, మొకాసిన్లు తొడుక్కుని తొక్కుతారు. తొక్కేవాళ్ళు పట్టుకోవడానికి పక్కన కర్రలు పాతి ఉంటాయి. బరువు పడితే గింజ నూకవుతుంది, తేలిక కాళ్ళు కావాలి. అందుకే తాతల కాలం నుంచీ పిల్లల్ని గుంటలోకి దింపేవారు. పిల్లవాడు చిన్నవాడు కావడమే అర్హత అయిన పని మన బడుల్లో ఏదైనా ఉందా? నేను వెతికాను, దొరకలేదు. చివరికి భూర్జ బెరడుతో కుట్టిన చాటలో చెరుగుతారు. పచ్చి గింజ బరువు సగానికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకి దిగుతుంది. శాతాలు చెప్పడానికి లెక్కల మేష్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

కొన్నేళ్ళ కిందట ఒకచోట ఇలా చేసి చూపిస్తుంటే వెళ్ళాను. ఒక పెద్దావిడ చాట నా చేతికిచ్చారు. నేను చాట పట్టుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది. రెండు విసుర్లు తప్పాయి, మూడోదానికి మా అమ్మమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టులో కూర్చుంది. ఆ చెయ్యితో పాటు మాటలు కూడా వచ్చాయి. తాలు, ఊక, చిట్టు, తవుడు, నూక. ఇన్నేళ్ళలో వీటిలో ఒక్కదాన్ని కూడా నేను పలికిన గుర్తు లేదు. ఆవిడ "మీ భాషలో దీన్నేమంటారు?" అని అడిగారు. చెరగడం అన్నాను. "మేం నూష్కాచిగే అంటాం" అన్నారు. ఇద్దరం ఎదుటివాళ్ళ మాటని రెండుసార్లు తప్పు పలికి నవ్వుకున్నాం.

మన తరగతిలో చకారానికి గుణింతం చెబుతూ 'చా, చాట' అని బొమ్మ చూపిస్తాం. పిల్లలు అప్పజెబుతారు. ఆ బొమ్మ ఏం చేస్తుందని అడిగితే మా చిన్నది "ట్రే లాంటిది, స్నాక్స్ పెట్టుకుంటారు" అంది. తప్పు పిల్లది కాదు. పని లేని మాటని మనం చేతికిచ్చాం.

ఇప్పుడు ఇదంతా నాకు ఎందుకు పెద్ద విషయంగా కనిపిస్తుందో చెప్పాలి. సెప్టెంబరు అంటే ఆ ఇళ్ళలో చాలాకాలం పిల్లలు మాయమయ్యే నెల. 1891లో మూలవాసుల పిల్లల్ని బడికి పంపడం తప్పనిసరి చేసే అధికారాన్ని అమెరికా కాంగ్రెస్ అధికారులకిచ్చింది. 1893లో, పంపని కుటుంబాలకు రేషన్ ఆపే వీలు కల్పించింది. కరెక్టుగా గింజ పండే వేళకి బోర్డింగ్ బడి తెరుచుకునేది. గెడ పట్టడం నేర్చుకోవలసిన పిల్లలు ఎక్కడో డార్మిటరీలో జుట్టు కత్తిరించుకుని, ఇంటి భాష మాట్లాడితే శిక్ష పడే చోట ఉండేవారు. కేంద్ర అంతర్గత శాఖ 2024 నివేదిక ప్రకారం ఇలాంటి ప్రభుత్వ బోర్డింగ్ బడులు 417. వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారు. కెనడాలో ఇలాంటి బడులకి వెళ్ళిన పిల్లల గుర్తుగా సెప్టెంబరు 30న నారింజ చొక్కాలు వేసుకుంటారు. ఆ తేదీని ఎంచుకోవడానికి ఒక కారణం, పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకుపోయిన కాలం అదే కావడం. బడి అంటే గింజ నుంచి పిల్లల్ని విడదీసేది అన్న అనుభవం తరాలుగా ఉన్నవాళ్ళు, అదే నెలలో, అదే బడి పేరుతో, పిల్లల్ని పడవెక్కించడం మామూలు విహారయాత్ర ఎలా అవుతుంది?

లీచ్ లేక్ రిజర్వేషన్‌లో, అంటే వాళ్ళకి కేటాయించిన నేల మీద, బీనా అనే చిన్న ఊరి దగ్గర బగ్-ఓ-నే-గే-షిగ్ బడి ఉంది. వాళ్ళు ముద్దుగా బగ్ స్కూల్ అంటారు. 1975లో, పబ్లిక్ బడుల్లో తమ పిల్లలకి జరుగుతున్నది నచ్చని తల్లిదండ్రులు 35 మంది పిల్లలతో మొదలుపెట్టారు. ఆ పేరున్న పెద్దమనిషి కథ కూడా శరత్కాలానిదే. కలప దోపిడీ మీద, సాక్ష్యాల పేరిట మనుషుల్ని దూరాలకి ఈడ్చుకుపోవడం మీద ఎదురుతిరిగిన ఆయన్ని పట్టుకోవడానికి సైన్యం వచ్చింది. 1898 అక్టోబరు 5న షుగర్ పాయింట్ దగ్గర పోరు జరిగింది, మేజర్ విల్కిన్సన్‌తో సహా ఆరుగురు సైనికులు చనిపోయారు. ఆయన్ని మాత్రం పట్టుకోలేకపోయారు. ఆ పేరున బడి పెట్టుకోవడంలో ఉన్న పట్టుదల చూడండి.

కానీ పట్టుదలకి పైకప్పు ఉండదు. ఆ బడిలో హైస్కూలు చాలా ఏళ్ళు రేకుల షెడ్డులో నడిచింది. వాన కారేది, చలి దూరేది. గాలి గంటకి 40 మైళ్ళు దాటితే పిల్లల్ని వేరే భవనంలోకి తరలించాల్సి వచ్చేదని అప్పట్లో పత్రికలు రాశాయి. 2016లో నిధులు వచ్చాయి, 2018లో కొత్త భవనం తెరిచారు. నలభై మైళ్ళ గాలి ఇక్కడ శరత్తులో అరుదైన సంగతేం కాదు. మనం ఆదివారం పూట గది అద్దెకిచ్చే చర్చి వాళ్ళు హీటర్ తగ్గించారని సణుగుతాం, నేను కూడా.

పూర్తిగా వాళ్ళ భాషలోనే పాఠాలు చెప్పే ప్రయత్నాలూ ఉన్నాయి. బగ్ స్కూల్లోనే నీగానే అనే తరగతులు పెట్టారు. పక్కన విస్కాన్సిన్‌లో, లాక్ కూర్ట్ ఒరే రిజర్వేషన్‌లో వాదూకోదాదింగ్ అనే బడి ఉంది. ఒకరికొకరు సాయపడే చోటు అని అర్థం. అక్కడ సైన్సు కూడా ఓజిబ్వేలోనే. పాఠ్యపుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? చాలావరకు వాళ్ళే తయారుచేసుకోవాలి. మనూమిన్ ఉంటే సైన్సుకి వెతుక్కోనక్కర్లేదు. జూన్‌లో ఆకు నీటి మీద తేలే దశలో నీటిమట్టం ఒక్కసారిగా పెరిగితే మొక్క వేళ్ళతో సహా లేచిపోతుంది. అదే రిజర్వేషన్‌లో 1920లలో ఆనకట్ట కట్టి నీళ్ళు నింపినప్పుడు పోస్ట్ అనే ఊరితో పాటు గింజ మడుగులూ మునిగాయి. గనుల నుంచి వచ్చే సల్ఫేటు బురదలో సల్ఫైడుగా మారి వేళ్ళని దెబ్బతీస్తుంది. అందుకే 1973 నుంచి మిన్నెసోటాలో మనూమిన్ పెరిగే నీళ్ళలో సల్ఫేటుకి లీటరుకి 10 మిల్లీగ్రాముల హద్దు ఉంది. ఆ హద్దు అమలు గురించి తగవు ఇంకా తెగలేదు. పిల్లలు రసాయనశాస్త్రం చదివేది తాము తినే గిన్నెకోసం.

అక్టోబరులో పని మారుతుంది. బురద నేలల్లో క్రాన్‌బెర్రీలు, బాతుల వేట, చలి ముదిరే కొద్దీ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే చేపల కోసం వలలు. నవంబరులో జింక. ఇవన్నీ నేను దగ్గరుండి చూసినవి కాదు కాబట్టి వర్ణించను.

ఒక్క సంగతి మాత్రం నాకు భలే నచ్చింది. వెనబోజో అని వాళ్ళకొక కథానాయకుడు. ఉపకారీ, కొంటెవాడూ, తిండిపోతూ అన్నీ తనే. అతని కథలు, ఆ మాటకొస్తే పవిత్రమైన కథలేవీ, నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి. మంచు లేనప్పుడు చెప్పకూడదు. కాబట్టి శరత్కాలమంతా బడిలో కథలకి ఎదురుచూపే. సరస్సు అంచున పల్చటి గాజుపెంకులా మంచు కడుతుంది. పిల్లలు రోజూ కిటికీలోంచి చూస్తుంటారు. మనం యూట్యూబులో ఏ కథనైనా ఏ వేళనైనా పెట్టేస్తాం. ఏడాదిలో ఒక కథని మూడు నెలలు దాచి ఉంచితే పిల్లలు తెలుగులో బతిమాలతారేమో! నేను ఈ ఏడు దసరా నుంచి సంక్రాంతి దాకా మర్యాద రామన్న కథలు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను. మా ఇంట్లో ఇప్పటికే గొడవ మొదలైంది.

నా సమయం అయిపోయిందని మూడోసారి సైగ వస్తోంది. బయట బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. నల్లగా నిగనిగలాడేది మడుల్లో యంత్రాలతో పండించింది, ఉడకడానికి ముప్పావుగంటకి పైనే పట్టింది. గోధుమరంగుది సరస్సు మనూమిన్, లీచ్ లేక్ నుంచి తెప్పించాను, ఇరవై నిమిషాల్లో ఉడికింది. రెండిటికీ ఒకే పోపు పెట్టాను, నిమ్మకాయ పులిహోర. గోధుమరంగు గిన్నె పక్కన ఒక చాట కూడా పెట్టాను. మా అమ్మమ్మది కాదు, మొన్న రాజమండ్రి వెళ్ళినప్పుడు కొన్నది. అందులో రెండు గుప్పెళ్ళు పొట్టు కలిపిన గింజ ఉంది. పిల్లలు ముందు చెరగాలి, తర్వాతే పులిహోర. కాస్త తలుపు దగ్గరికి జరగండి, గాలి కావాలి.