ఎండకాలం పాలు, లాక్టోమీటర్ లెక్క

శ్రోతలకు నమస్కారం. దేవరకొండ వైపైనా, కల్వకుర్తి వైపైనా పాలకేంద్రంలో ఇచ్చే చీటీ మీద రెండు అంకెలు చూస్తాం. ఒకటి ఫ్యాట్, అంటే వెన్న. రెండోది ఎస్ఎన్ఎఫ్, వెన్న, నీళ్లు పోగా పాలల్లో ఉండే గట్టి పదార్థం. రేటు కట్టేది ఈ రెండిటి మీదే. ఫ్యాట్ గురించి అందరం మాట్లాడుకుంటాం. ఈ రోజు ఎస్ఎన్ఎఫ్ సంగతి చూద్దాం, అదీ ఎండకాలపు సాయంత్రం పాలల్లో.

ఒక బర్రె పాలు తెచ్చారు. ఫ్యాట్ 6 వచ్చింది. లాక్టోమీటర్, అంటే పాలల్లో తేలేసి చిక్కదనం చూసే గాజు గొట్టం, 28 దగ్గర నిలిచింది. ఇక ఎస్ఎన్ఎఫ్ లెక్క. 28ని 4తో భాగిస్తే 7. ఫ్యాట్‌లో నాలుగో వంతు ఒకటిన్నర. ఈ రెండూ కూడి, మీద 0.44 కలపాలి, ఈ అంకె కొన్ని డెయిరీల్లో వేరుగా ఉంటుంది. మొత్తం 8.94, ఇదే ఎస్ఎన్ఎఫ్. బర్రె పాలకు 9 ఉండాలి. రేటు కోశారు.

నీళ్లు కలిపారా? లేదు. పాలు వెచ్చగా ఉన్నాయి, అంతే. ఆ లాక్టోమీటర్‌కు గుర్తులు పెట్టింది 27 డిగ్రీల లెక్కన. ఈ పాలు 32 డిగ్రీలున్నాయి. వెచ్చని పాలల్లో లాక్టోమీటర్ ఇంకాస్త లోతుకు దిగుతుంది, అంకె తగ్గుతుంది. డిగ్రీకి సుమారు 0.2 చొప్పున 5 డిగ్రీలకు 1 కలపాలి. అప్పుడది 28 కాదు, 29. మళ్లీ లెక్క కట్టండి: 9.19. అవే పాలు! చలికాలం పొద్దున పాలు 27 కంటే చల్లగా ఉంటే అదే లెక్కన తీసేయాలి, అదీ న్యాయమే.

కాబట్టి లాక్టోమీటర్ పక్కన థర్మామీటర్ ఉండాలి. ఉండి తీరాలి.

పితికిన వెంటనే, నురగతో కొలిచినా అంకె తక్కువే వస్తుంది. క్యాన్‌ను నీడలో నీళ్ల తొట్టిలో పెట్టి అరగంట ఆగండి. పాలల్లో ఐసు వేయొద్దు, అది నీళ్లు పోసినట్టే. శాంపిల్ తీసే ముందు పైకి తేలిన మీగడ కలిసేలా గరిటెతో అడుగు నుంచి నెమ్మదిగా కలపాలి. పాలు పరీక్షించే మిషన్ ఉన్న కేంద్రాల్లో వేడి తేడాను చాలా మిషన్లే సరిచేసుకుంటాయి గానీ, బుడగలు లోపలికి పోతే వాటి అంకె కూడా తప్పుతుంది.

లాక్టోమీటర్‌తో చూసే కేంద్రంలో ఎస్ఎన్ఎఫ్ రోజూ 9కి కాస్త కిందనే వస్తుంటే, ముందు ఇది అడగండి: "అన్నా, పాలు ఎన్ని డిగ్రీలున్నయి? అంకెకు ఎంత కలిపినవు?"