బ్రేక్ డిస్కు మార్చే ముందు కారణం వెతుకుదాం

డ్రైవరన్నలకు, షెడ్లలో పనిచేసే తమ్ముళ్లకు, సొంత కారు నడుపుకునే అక్కలకూ అన్నలకూ నమస్కారం.

తిరుపతిలో ట్యాక్సీ నడిపేవాళ్ల దగ్గర తరచుగా వినబడే మాట ఒకటుంది. "కొండ దిగేటప్పుడు బాగానే ఉండింది సార్, చెన్నై రోడ్డెక్కి 80లో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది" అంటారు. షెడ్డుకు పోతే "డిస్కు వంగింది, మార్చాల్సిందే" అంటారు. మారుస్తారు. నాలుగైదు నెలలకు మళ్లీ అదే వణుకు. ఈసారి డూప్లికేట్ డిస్కు వేశారని మెకానిక్‌ను తిట్టుకుంటారు. డబ్బూ పోయింది, నమ్మకమూ పోయింది. చక్రంతో పాటు తిరిగే ఈ ఇనుప పళ్లెం, అంటే డిస్కు, దానంతట అది చెడిపోదు. దాన్ని చెడగొట్టిన కారణాన్ని అలాగే వదిలేసి కొత్తది వేస్తే, కొత్తదానికీ అదే గతి పడుతుంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

అసలు ఆ వణుకు ఎందుకొస్తుంది? డిస్కు వంగింది అనగానే, వేయించిన అప్పడంలా మెలికలు తిరిగిన ఇనుము మన కళ్ల ముందు కనబడుతుంది. నిజంగా అలా వంకర పోయిన డిస్కులు చాలా తక్కువ. ఎక్కువ కేసుల్లో జరిగేది వేరు. డిస్కు మందం చుట్టూ ఒకేలా ఉండదు. మందంగా ఉన్న చోటు, డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్ల మధ్యకు రాగానే అవి వెనక్కి నెట్టబడతాయి, పల్చటి చోటు రాగానే ముందుకొస్తాయి. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒక తోపు, ఒక జారు. అదే బ్రేక్ ఆయిల్ గుండా పెడల్‌కూ, సస్పెన్షన్ గుండా స్టీరింగ్‌కూ చేరుతుంది. ఇందుకు 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు. వేలితో తడిమితే తెలియదు, కంటికి కనబడదు. మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టి డిస్కు చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలిస్తేనే దొరుకుతుంది. కొలవకుండా కళ్లతో చూసి "వంగింది" అని తేల్చేసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు.

మరి ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? మన ఊళ్లో మొదటి అనుమానం కొండ మీదే కాబట్టి, లెక్క వేసి చూద్దాం. మనుషులు, లగేజీ కలిపి కారు 1,500 కిలోలు అనుకోండి. తిరుమల నుంచి అలిపిరికి దిగే ఎత్తు సుమారు 650 మీటర్లు. ఆ బరువు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 95 లక్షల జౌళ్లు. కొంత టైర్ల ఒరిపిడికి పోతుంది. మిగతాది ఇంజిన్ అయినా పట్టాలి, బ్రేకులైనా పట్టాలి. మొత్తం ముందు డిస్కులకే అప్పగించామనుకోండి. రెండూ కలిపి 12 కిలోల ఇనుము అయితే, గాలికి చల్లారే దారి లేకపోతే ఆ వేడికి 1,500 డిగ్రీలు దాటాలి. పోత ఇనుము 1,200 దగ్గరే కరిగిపోతుంది! దారి పొడవునా గాలి ఆ వేడిని లాగేస్తోంది కాబట్టి మనం క్షేమంగా కిందికి చేరుతున్నాం. కానీ ఘాట్‌లో స్పీడు తక్కువ, అందుకే తగిలే గాలీ తక్కువే.

1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు మీదే మనం ఇప్పుడు దిగుతున్నాం. సుమారు 19 కిలోమీటర్లు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నిబంధన. అంటే సగటున గంటకు 28 కిలోమీటర్లు. ఆ స్పీడుకు సెకండ్ గేర్ చక్కగా సరిపోతుంది. చాలామంది థర్డ్‌లోనో ఫోర్త్‌లోనో వేసి కాలు బ్రేక్ మీదే ఆనించి దిగుతారు. కొందరు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్‌కు ఖర్చవుతుంది. ఇంజిన్ ఆపేసి దిగడం మరీ ప్రమాదం, బ్రేక్ బూస్టర్‌కూ పవర్ స్టీరింగ్‌కూ బలం పోతుంది.

"సెకండ్‌లో దిగితే ఇంజిన్ అరుస్తుంది కదా సార్, పాడవదా?" అంటారు. పాడవదు. 3,000 ఆర్‌పీఎం ఏ కారు ఇంజిన్‌కూ భారం కాదు. ఆటోమేటిక్ బండి అయితే మాన్యువల్ మోడ్‌లోకి మార్చి కింది గేర్ పట్టుకోండి, లేదా లివర్‌ను ఎల్ (లో గేర్) దగ్గర పెట్టండి. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు కొండపైన ఫుల్ చార్జ్ చేసి దిగకండి. బ్యాటరీ నిండుగా ఉంటే చాలా బండ్లలో రీజెన్ (మోటారే బండిని నెమ్మది చేస్తూ బ్యాటరీని చార్జ్ చేసే పద్ధతి) సరిగా పనిచేయదు, భారమంతా మళ్లీ డిస్కుల మీదే పడుతుంది.

బ్రేకును కాసేపు గట్టిగా వేసి, స్పీడు తగ్గాక పూర్తిగా వదిలేయడం మంచిదే. వదిలినంతసేపు డిస్కుకు గాలి తగులుతుంది. కానీ దానివల్ల మొత్తం వేడి తగ్గదు. తగ్గించేది గేర్ ఒక్కటే. బాకరాపేట ఘాట్ అయినా, చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాట్ అయినా లెక్క ఇదే.

ఇప్పుడు అలిపిరికి వచ్చాం. డిస్కుకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. కాలు ఆనించి దిగిన బండి గరుడ విగ్రహం కూడలి దగ్గర ఆగుతుంది. కాలిన వాసన వస్తుంటుంది, డ్రైవర్ బ్రేక్ పెడల్ బలంగా తొక్కిపట్టి ఉంటాడు. మండుతున్న ప్యాడ్ మండుతున్న డిస్కును ఒకే చోట గట్టిగా పట్టుకుని ఉంది. ప్యాడ్‌లోని పదార్థం ఆ చోట ముద్ర వేసినట్టు అంటుకుపోతుంది. ఆ తర్వాత ప్రతి చుట్టులోనూ ఆ ముద్ర దగ్గర పట్టు ఎక్కువ, వేడీ ఎక్కువ. అక్కడ 650, 700 డిగ్రీలు దాటితే ఇనుము నిర్మాణమే మారిపోయి గట్టి మచ్చ ఏర్పడుతుంది. లేత్ మిషన్ మీద డిస్కును పైపైన గీసినా దాని వేరు లోపల మిగిలే ఉంటుంది. అందుకే కొన్ని డిస్కులు లేత్ పట్టించిన కొద్దిరోజులకే మళ్లీ వణుకుతాయి.

కాబట్టి కొండ దిగాక వెంటనే ఆగకుండా, రెండు మూడు కిలోమీటర్లు బ్రేక్ తక్కువ వాడుతూ నెమ్మదిగా నడపండి. ఆగక తప్పకపోతే, చదును రోడ్డు మీద కాలు తీసేసి హ్యాండ్ బ్రేక్‌తో నిలపండి. మన చిన్న కార్లలో చాలావాటికి అది వెనక డ్రమ్ములను పట్టుకుంటుంది, ముందు డిస్కులు ఊపిరి పీల్చుకుంటాయి. దిగీ దిగగానే సర్వీసింగ్‌కు పోయి చక్రాల మీద నీళ్లు కొట్టించకండి. వేడి ఇనుము ఒక పక్క హఠాత్తుగా చల్లబడితే వంకర పోవచ్చు, బీటలూ రావచ్చు. అరగంట ఆగండి.

ఇక షెడ్డు తమ్ముళ్లకు. కొండ మీద పడే నిందలో పెద్ద వాటా నిజానికి మన పనిది. పాత డిస్కు ఊడదీశాక హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) ముఖం చూడండి. అంచు చుట్టూ ఎర్రటి తుప్పు, బోల్టుల చుట్టూ పెచ్చులు కట్టి ఉంటుంది. దాన్ని గోకకుండా కొత్త డిస్కు తొడిగితే, పెచ్చు ఉన్నవైపు డిస్కు కాస్త లేచి కూర్చుంటుంది. హబ్ దగ్గర వెంట్రుకవాసి లేస్తే డిస్కు అంచుకు వచ్చేసరికి అది పెరుగుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. కస్టమర్ సంతోషంగా పోతాడు. కానీ బ్రేక్ వేయకపోయినా, ప్రతి చుట్టులోనూ లేచిన అంచు ప్యాడ్‌ను తాకుతూ అక్కడే అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అరిగిన చోటు పల్చనై వణుకు మొదలవుతుంది. అప్పటికి మీరు చేసిన పని ఎవరికీ గుర్తుండదు, అందరూ ఘాట్ రోడ్డును తిడతారు.

అందుకే వైరు బ్రష్‌తో హబ్‌ను లోహం మెరిసేదాకా రుద్దండి, గుడ్డతో తుడవండి. డిస్కు తొడిగి బోల్టులు బిగించి, ఊగు కొలిచే డయల్ గేజ్ ఆనించి ఒక చుట్టు తిప్పండి. చాలా కార్లకు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల ఊగు వరకే అనుమతి, మీ బండి లెక్క సర్వీసు పుస్తకంలో చూడండి. ఎక్కువ వస్తే డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు జరిపి తొడిగి మళ్లీ కొలవండి. ఒక్కోసారి ఆ మార్పే చాలు. ఐదు నిమిషాల పని.

బోల్టులు కూడా అంతే. పంక్చర్ షాపుల్లో గాలి గన్‌తో ఒకటి చచ్చేంత, ఇంకొకటి అరకొరగా బిగిస్తారు. ఒత్తిడి ఒకేలా లేకపోతే డిస్కు ఒక వైపుకు లాగబడుతుంది. ఒకదాని ఎదురుగా ఇంకొకటి వచ్చేలా, రెండు మూడు విడతలుగా, చివర, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించాలి. డ్రైవరన్నలు పంక్చర్ వేయించుకున్న ప్రతిసారీ ఈ విషయం అడగండి, మొహమాటపడకండి.

కాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచి నొక్కే భాగం) పిన్నులు గ్రీజు ఎండి పట్టేస్తే ప్యాడ్ వదలదు, కొండ లేకపోయినా డిస్కు కాలుతుంది. బండి దిగాక చేయి దగ్గరగా పెట్టి చూడండి, తాకవద్దు. ఒక చక్రం దగ్గర సెగ ఎక్కువగా ఉంటే అదే అనుమానించాల్సింది.

బ్రేక్ ఆయిల్ విషయం వణుకుకు సంబంధించింది కాదు గానీ చెప్పకుండా ఉండలేను. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. వణికే డిస్కుతో ఇల్లు చేరవచ్చు. ఘాట్‌లో ఆయిల్ మరిగితే పెడల్ నేలకు దిగిపోతుంది, బ్రేకే ఉండదు. రెండేళ్లకోసారి తప్పకుండా మార్పించండి.

డిస్కు లేత్ పట్టించే ముందు దాని అంచు మీద పోతపోసిన కనీస మందం చదవండి. గీశాక అంతకంటే తక్కువకు వచ్చేలా ఉంటే కొత్తదే వేయాలి, బేరాలు వద్దు. కొత్త ప్యాడ్లు వేశాక 60 స్పీడు నుంచి 20కి పదిసార్లు, పూర్తిగా ఆగకుండా మెల్లగా తగ్గించి, తర్వాత కాసేపు బ్రేక్ వేయకుండా నడపండి. అది చేయకుండా తొలి ట్రిప్పే తిరుమలకు పోవద్దు.

బయట జాకీ మీద ఒక కారు ఎత్తి ఉంది, డయల్ గేజ్, మైక్రోమీటర్ తెచ్చాను. స్టీరింగ్ వణుకుతున్న బండ్లు ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తీసుకురండి, కొలిచి చూద్దాం.